చిల్లర డబ్బులతో ఇంటి అప్పు తగ్గుతుందా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి_పద్మ
ఇల్లు కట్టుకోడానికి బ్యాంకులో 20 లక్షలు తీసుకున్నాం. 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ, నెలకి 17,356 ఈఎంఐ. మా ఆయన జీతంలోంచి కట్ అవుతుంది. మొదలుపెట్టి ఏడాది అయింది. మొన్న స్టేట్‌మెంట్ తీయించాం. రెండు లక్షల పైన కడితే అసలులో తగ్గింది నలభై వేలు కూడా లేదు! అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.
నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఆ చిల్లర, కూరల దగ్గర మిగిలింది అంతా ఒక డబ్బాలో వేస్తున్నాను. నెలకి తొమ్మిది వందల దాకా అవుతోంది. అది లోన్ ఖాతాలో కట్టేస్తానంటే ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. 20 లక్షల అప్పుకి 900 ఏ మూలకి అంటారు. పోనీ అని బ్యాంకుకి పట్టుకెళ్తే కౌంటర్లో అన్ని నాణేలు తీసుకోవడం కుదరదన్నారు. ఈ 900 వల్ల నిజంగా ఏమైనా లాభం ఉందా, లేక నా ఓపిక దండగా?

రాయగడ_రవి
నాదీ ఇంచుమించు అంతే లోన్. మొదటి ఏడాది స్టేట్‌మెంట్ చూసి బ్యాంకు వాళ్లు లెక్క తప్పారేమో అనుకుని వెళ్లి అడిగాను. తప్పలేదు. అలాగే ఉంటుందట.

జయపురం_కుర్రోడు
900తో ఏమీ కాదండి. జీతం పెరిగే దారి చూడాలి గానీ రూపాయి రూపాయి ఏరుకుంటే ఇల్లు తీరదు.

గుణుపురం_మాష్టారు
పద్మ గారూ, మీ ఓపిక దండగ కాదు. లెక్క చెబుతాను, కాగితం మీద వేసి మీ ఇంట్లోవాళ్లకి చూపించండి.
20 లక్షల మీద 8.5 శాతం అంటే మొదటి నెల వడ్డీయే 14,167. మీరు కట్టిన 17,356లో అసలుకి పోయేది 3,189 మాత్రమే. మీరు అదనంగా కట్టే 900ని 20 లక్షలతో పోల్చకూడదు, ఈ 3,189తో పోల్చాలి. అప్పుడు అది చిన్న మొత్తం కాదని తెలుస్తుంది, ఎందుకంటే ఈఎంఐ పోయాక వచ్చే ప్రతి రూపాయీ నేరుగా అసలులోకే వెళ్తుంది.
ఏడాది అయింది కాబట్టి మీకు ఇంకా 228 నెలలు మిగిలాయి. ఇక మీదట ప్రతి నెలా 900 అదనంగా కడుతూ వెళ్తే, వడ్డీ రేటు ఇలాగే ఉంటే, సుమారు 203 నెలల్లో అప్పు తీరుతుంది. అంటే రెండేళ్ల పైన ముందే. మీ చేతినుంచి అదనంగా పోయేది 1,82,000 చిల్లర. చివర్లో కట్టక్కర్లేకుండా పోయే ఈఎంఐలు 4,40,000 దాకా. తేడా సుమారు 2,60,000 మీ ఇంట్లో మిగులుతుంది.
ఇంకో సంగతి. ఎప్పుడు కట్టారన్నది ఎంత కట్టారన్నదాని కంటే తక్కువేమీ కాదు. ఈ రోజు 10,000 కడితే చివర్లో ఇంచుమించు మూడు ఈఎంఐలు ఎగిరిపోతాయి. అదే 10,000 పదిహేనేళ్లు గడిచాక కడితే ఒక్క ఈఎంఐ కూడా పూర్తిగా తగ్గదు. అందుకే చిల్లరకి విలువ ఉండేది మొదటి ఏళ్లలోనే. మీరు సరైన సమయంలో మొదలుపెట్టారు.

పర్లాకిమిడి_పద్మ
మాష్టారూ, 3,189తో పోల్చమన్నారు చూడండి, అది చదివి మా ఆయన ఫోన్ లాక్కుని మళ్లీ మొదటినుంచి చదివారు. ఇప్పుడు నవ్వడం లేదు.

గోపాల్‌పూర్_గాలి
మాష్టారు మా బడిలో ఉండి ఉంటే నాకు లెక్కల్లో కనీసం యాభై వచ్చేవి.

జయపురం_కుర్రోడు
మాష్టారి లెక్క కాదనను. కానీ ఆ 900ని మ్యూచువల్ ఫండ్ సిప్‌లో, అంటే నెలనెలా కొంత చొప్పున, పెడితే పదిహేడేళ్లలో ఇంకా ఎక్కువ రావచ్చు కదా? 8.5 శాతం మిగుల్చుకోవడం కోసం 12 శాతం వదులుకుంటున్నారు.

రాయగడ_రవి
తమ్ముడూ, ఆ 12 శాతం వస్తుందని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు. 8.5 మిగలడం మాత్రం ఖాయం, దాని మీద పన్ను కూడా లేదు. పోస్టాఫీసు ఆర్‌డీలో వేసినా 6.7 శాతమే. అప్పు మీద 8.5 కడుతూ 6.7కి దాచుకోవడం ఎందుకు?

కోరాపుట్_సిస్టర్
ఆడపిల్ల ఉంటే మాత్రం సుకన్య సమృద్ధి సంగతి ఆలోచించండి. 8.2 శాతం, వడ్డీకి పన్ను లేదు. అది పిల్ల పేరున ఉంటుంది, ఇంటి అప్పులో కలవదు. నేను రెండూ చేస్తున్నాను, సగం అటు సగం ఇటు.

దెగ్లూర్_కిరాణా
నాణేల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. మాకు దెగ్లూర్‌లో కిరాణా దుకాణం. చిల్లర కోసం రోజూ పొద్దున్నే వెతుక్కుంటాం. అక్కా, మీ వీధిలో కిరాణా కొట్టు, టీ కొట్టు, పెట్రోలు బంకు, ఎవరినైనా అడగండి. ఒకటి, రెండు, ఐదు రూపాయలు లెక్కపెట్టి ఇస్తే సంతోషంగా తీసుకుని ఫోన్‌పే చేస్తారు. అక్కడినుంచి లోన్ ఖాతాకి పంపుకోండి. బ్యాంకుకి మూట మోసుకెళ్లే పనే లేదు.

సిరొంచ_శ్రీను
మా దగ్గర పది రూపాయల బిళ్ల అయితే కొట్టువాళ్లు కూడా తీసుకోవడం లేదు. నకిలీ అంటారు.

దెగ్లూర్_కిరాణా
అది ఒట్టి పుకారు, శ్రీనన్నా. పది రూపాయల బిళ్ల 14 డిజైన్లలో వచ్చింది, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా చెల్లుతుంది. నేను ఆ ప్రకటన ప్రింటు తీసి గల్లా మీద అంటించాను. నాణేలు తీసుకోవాలని బ్యాంకు శాఖలకి కూడా ఆదేశాలు ఉన్నాయి. వందేసి చొప్పున కవర్లలో కట్టి తీసుకెళ్తే వాళ్లకి లెక్కపెట్టే బాధ తప్పుతుంది, మన పని తొందరగా అవుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. 2011 నాణేల చట్టం ప్రకారం ఒకసారి వెయ్యి రూపాయల వరకే నాణేలు చట్టబద్ధమైన చెల్లింపు. అందుకని పెద్ద మూట అయ్యేదాకా ఆగొద్దు.

బరంపురం_భారతి
మాకు బరంపురంలో చిల్లరే కనిపించడం లేదు, అప్పడాల బండి దగ్గర కూడా స్కానర్ పెట్టారు. అందుకని నేను ఇలా చేస్తున్నా. రాత్రి పడుకునే ముందు ఖాతా చూస్తాను. 3,243 ఉంటే ఆ 43 వేరే ఖాతాలోకి తోసేస్తాను. 3,288 అయితే 88. నెలాఖరుకి అక్కడున్నదంతా లోన్‌కి పోతుంది. డబ్బాలో వేసినట్టే, చేతికి బరువు తెలియదంతే.

గోపాల్‌పూర్_గాలి
భారతి అక్కా, 99 ఉన్న రోజు నిద్ర పడుతుందా?

బరంపురం_భారతి
ఆ రోజే బాగా పడుతుంది. 99 అప్పు తగ్గింది కదా.

సిరొంచ_శ్రీను
నాది వేరే గోస. మాది బ్యాంకు కాదు, ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. ఊళ్లో ఇంటికి బ్యాంకు ఇవ్వనంటే అక్కడ తీసుకున్న, వడ్డీ 13 శాతం. మా ఆవిడ గల్లగురిగిలో ఏసిన పైసలు, పత్తి అమ్మినప్పుడు మిగిలినవి కలిపి అదనంగా కట్టినం. ఏడాది తర్వాత చూస్తే అసలు అంతే ఉంది. అడిగితే "మీ డబ్బు అడ్వాన్స్ కింద జమ ఉంది, వచ్చే ఈఎంఐకి వాడుకుంటాం" అన్నారు. అంటే మా పైసలు వాళ్ల దగ్గర ఊరికే కూర్చున్నయ్, మాకు రూపాయి వడ్డీ తగ్గలేదు.

రాయగడ_రవి
ఇది అందరూ చదవాలి. అదనంగా కట్టినప్పుడల్లా "ఇది అసలుకి పాక్షిక చెల్లింపు, గడువు తగ్గించండి" అని రాసి ఇవ్వాలి. నోటితో చెబితే సరిపోదు. ఈమెయిల్ అయినా, కాగితం మీద రాసి ముద్ర వేయించుకున్నా సరే. కొన్నిచోట్ల మనం అడక్కపోతే గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. చేతికి నెలకి కొంత మిగిలినట్టు ఉంటుంది, కానీ వడ్డీలో పెద్దగా తగ్గేది ఉండదు.
పెనాల్టీ వేస్తారని భయపడకండి. మారే వడ్డీ మీద ఇచ్చిన ఇంటి అప్పుకి ముందస్తు చెల్లింపు రుసుము తీసుకోకూడదని 2012లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు అయితే మాత్రం మీ ఒప్పందం కాగితం చూసుకోండి.

గుణుపురం_మాష్టారు
రవి చెప్పింది ముఖ్యం. శ్రీనుకి ఇంకో మాట: 13 శాతం మీద ప్రతి వందా పద్మ గారి వంద కంటే ఎక్కువ వడ్డీని ఆపుతుంది. ముందు ఆ అడ్వాన్స్‌ని అసలుకి మళ్లించమని రాతపూర్వకంగా అడుగు. తర్వాత, సక్రమంగా కట్టిన చరిత్ర ఉంది కాబట్టి తక్కువ వడ్డీకి బ్యాంకుకి మార్చుకోవడానికి మళ్లీ ప్రయత్నించు.

సిరొంచ_శ్రీను
అట్లనే చేస్తా మాష్టారూ. రాసివ్వాలని ఎవరూ చెప్పలేదు మాకు.

కోరాపుట్_సిస్టర్
అందరూ ఎంత దాచాలో చెబుతున్నారు, ఎక్కడ కోయకూడదో కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఇంటి అప్పు, పెళ్లి అప్పు ఉన్న ఇళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లని చూస్తుంటాను. రక్తం ఏడు, ఎనిమిది ఉంటుంది. ఏం తింటున్నావమ్మా అంటే పిల్లలకి పెట్టాక మిగిలింది అంటారు. గుడ్డు మానేశారు, పాలు మానేశారు, పండ్ల జోలికి వెళ్లరు. పొదుపు అనగానే ఇంట్లో మొట్టమొదట కోత పడేది ఆడవాళ్ల కంచంలోనే, అది ఎవరికీ కనిపించదు కూడా. తర్వాత ఆసుపత్రిలో రెండు రోజులు పడుకుంటే ఆ దాచిందంతా పోతుంది.
చోడి (రాగి) అంబలి తాగండి, సంతలో ఆకుకూర కొనుక్కోండి, చవకగా బలం వచ్చేవి మన కొండల్లో బోలెడున్నాయి. కానీ తిండి తగ్గించి అప్పు కట్టకండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను.

పర్లాకిమిడి_పద్మ
సిస్టర్, మా ఇంట్లో పాలు, గుడ్లు ఆపలేదండి. నేను ఆపినవి వేరే. ఆన్‌లైన్‌లో చీరలు చూడటం మానేశాను, చూస్తే కొనాలనిపిస్తుంది. ఆయన క్యారేజీ పట్టుకెళ్తున్నారు. కేబుల్ తీయించేశాం. నెల సరుకులు ఒకేసారి పాతపట్నం హోల్‌సేల్‌లో తెచ్చుకుంటున్నాం.

గోపాల్‌పూర్_గాలి
మీరు సరుకులకి పాతపట్నం వెళ్తారు, పాతపట్నం వాళ్లు పెట్రోలుకి మీ ఊరు వస్తారు. ఎవరి పొదుపు వాళ్లది.

బరంపురం_భారతి
నిజమే, ఇచ్ఛాపురం దాటి ఇటు ఒడిశాలోకి వస్తే చాలు, పెట్రోలు తేడా బాగా తెలుస్తుంది. మా మరిది సోంపేట నుంచి వచ్చినప్పుడల్లా ట్యాంకు నింపుకునే వెళ్తాడు.
సిస్టర్ మాటకి నా ఓటు. ఇంకా ఒకటి కలుపుతాను. మాకు రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర. చుట్టాలంతా దిగుతారు, కొత్త బట్టలు, వంటలు. అప్పు ఉంది కదా అని జాతర మానేస్తామా? మేం రెండేళ్ల ముందునుంచే దానికి వేరే డబ్బా పెట్టాం. లోన్ డబ్బా ముట్టుకోం, జాతర డబ్బా దాటం. అలా విడివిడిగా ఉంటే గొడవ ఉండదు.

జయపురం_కుర్రోడు
ఇంకో అనుమానం. వడ్డీ త్వరగా తగ్గించేస్తే పన్ను రాయితీ పోతుంది కదా? ఇంటి అప్పు మీద రెండు లక్షల వడ్డీ దాకా మినహాయింపు ఉంది.

రాయగడ_రవి
అది పాత పన్ను విధానంలో. ఇప్పుడు మనం ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది, అందులో మనం ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. పాతదాన్నే ఎంచుకున్నా, 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి వంద రూపాయల వడ్డీ కడితే ఇరవై చిల్లర వెనక్కి వస్తుంది. ఇరవై కోసం వంద కట్టడం ఏం లాభం?

జయపురం_కుర్రోడు
సరే అన్నా, ఈ విషయంలో ఒప్పుకుంటున్నాను. సిప్ విషయంలో ఒప్పుకోను.

బల్లార్షా_లక్ష్మి
ఇప్పుడే చూశాను ఈ చర్చ. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా, మా ఆయన బొగ్గు గనిలో చేస్తారు. మా అప్పు కిందటేడు పూర్తిగా తీరిపోయింది, గడువు కన్నా చాలా ముందే. ఎలా తీరిందో చెబుతాను.
చిల్లర ఒక్కటే కాదు. చిల్లరతో అలవాటు మొదలైంది, అంతే. డీఏ పెరిగిన ప్రతిసారీ ఆ పెరిగిన సొమ్ము ఇంట్లోకి రాకుండానే ఈఎంఐ పెంచమని బ్యాంకులో చెప్పేవాళ్లం. బోనస్ వస్తే సగం పిల్లలకి, సగం లోన్‌కి. దసరాకి బంగారం కొనడం మానలేదు, కానీ గ్రాము తగ్గించాం.
ఒకసారి మాత్రం బ్యాంకుతో గట్టిగా గొడవపడ్డాం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది గుర్తుందా? మా ఈఎంఐ మారలేదు కానీ గడువు ఏళ్లకి ఏళ్లు పెరిగింది. మెసేజ్ ఒకటి వచ్చింది. ఎవరం చదవలేదు అంటారు మా ఆయన, కానీ నేను చదివాను. వెళ్లి నిలదీశాను. ఆ తర్వాత 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశం వచ్చింది: రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అన్నది మనల్ని అడగాలి. మేం ఈఎంఐ పెంచుకున్నాం.
2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లో కలిపి రెపో ఒక శాతం తగ్గింది. అప్పుడు అందరూ ఈఎంఐ తగ్గించుకుంటుంటే మేం పాత ఈఎంఐనే కొనసాగించాం. అక్కడే బాగా తగ్గిపోయింది.

గుణుపురం_మాష్టారు
లక్ష్మి గారు చేసింది చాలా మంచి పని. రేటు తగ్గినప్పుడు పాత ఈఎంఐ కట్టడం అంటే ఇంటి ఖర్చులో ఏమీ కోయకుండానే అదనపు చెల్లింపు. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకుల్లో మారే వడ్డీకి తీసుకున్న ఇంటి అప్పులు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉంటాయి, కాబట్టి తగ్గుదల త్వరగా చేరుతుంది. అంతకుముందు తీసుకున్నవాళ్లు తమది ఏ రకమో బ్యాంకులో కనుక్కుని మార్చుకోవాలి.
ఇంకో చిన్న లెక్క: ఏడాదికి ఒకే ఒక్క ఈఎంఐ అదనంగా కట్టగలిగితే 8.5 శాతం మీద 20 ఏళ్ల అప్పు పదహారు, పదిహేడేళ్ల మధ్యలో తీరిపోతుంది.

కోరాపుట్_సిస్టర్
అంతా కట్టేశాక చేతిలో ఏమీ లేకపోతే? రాత్రికి రాత్రి ఎవరికైనా గుండె నొప్పి వస్తే విశాఖ తీసుకెళ్లాలి మాకు. లోన్‌లో కట్టిన డబ్బు తిరిగి ఇమ్మంటే ఇవ్వరు కదా.

రాయగడ_రవి
అందుకే ఓవర్‌డ్రాఫ్ట్ రకం ఇంటి అప్పు ఒకటి ఉంటుంది. అందులో వేసిన అదనపు డబ్బుకి వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. రేటు కొంచెం ఎక్కువ ఉండొచ్చు, అడిగి చూసుకోవాలి. మామూలు లోన్ అయితే మూడు, నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే అదనపు చెల్లింపు మొదలుపెట్టండి. మా ఇంట్లో రూలు అదే.

పర్లాకిమిడి_పద్మ
లక్ష్మి అక్కా, తీరిపోయాక కాగితాలు వెంటనే ఇచ్చారా? మా చుట్టాల్లో ఒకాయన ఏడాదిగా తిరుగుతున్నారు, దస్తావేజులు వేరే ఊళ్లో ఉన్నాయంటున్నారట.

బల్లార్షా_లక్ష్మి
ఆయన్ని ఊరుకోవద్దని చెప్పండి. 2023 డిసెంబరు 1 తర్వాత తీరిన అప్పు అయితే 30 రోజుల్లో అసలు దస్తావేజులు వెనక్కి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యం అయితే రోజుకి 5,000 చొప్పున మనకి పరిహారం కట్టాలి. ఆ ఆదేశం కాపీ జత చేసి రాతపూర్వకంగా అడిగితే కదులుతారు. అక్కడా తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చేమీ ఉండదు.
కాగితాలు చేతికొచ్చాక కూడా పని ఉంది. మా మహారాష్ట్రలో సాత్‌బారా (భూమి రికార్డు) మీద బ్యాంకు బోజా (అప్పు భారం) ఎక్కించి ఉంటే తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గరికి వెళ్లి తీయించాలి. మీ ఒడిశాలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి చూసుకోండి, అప్పు ఏమైనా నమోదై ఉంటే అక్కడా కొట్టేయించుకోవాలి. సెర్సాయ్ అనే కేంద్ర తనఖా రిజిస్ట్రీ రికార్డులో కూడా తనఖా తొలగించారో లేదో బ్యాంకుని అడగండి.

దెగ్లూర్_కిరాణా
సాత్‌బారా ముచ్చట మంచిగా చెప్పారు. మా తమ్ముడి ప్లాటు అమ్ముదామంటే ఎప్పుడో తీరిన అప్పు అందులో ఇంకా కనిపిస్తోంది. సోమవారం తలాఠీ ఆఫీసుకి పోతున్నాం, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ ఒక్కటి చాలా, ఇంకేమైనా కావాలా?

బల్లార్షా_లక్ష్మి
మమ్మల్ని నో డ్యూస్‌తో పాటు బోజా తీసేయమని బ్యాంకు రాసిన లెటరు, మా అర్జీ అడిగారు. రెండు సెట్ల జిరాక్సులు, ఆధార్ కాపీ కూడా పట్టుకెళ్లండి. ఫేర్‌ఫార్ (రికార్డులో మార్పు నమోదు) నంబరు వేశాక పని అయిపోయిందనుకోకండి, కొత్త సాత్‌బారా తీసి చూశాకే ఇంటికి రండి.